రోగిశయ్యయొద్ద గురువు: సర్ విలియం ఓస్లరు జీవితము

వైద్యవిద్యలో పట్టమందినవాడెల్ల ఆ దినముననే వైద్యుడగుననుకొనుట పొరపాటు. పట్టము పరీక్షాధికారులిచ్చునది, వైద్యము రోగిశయ్యలయొద్ద అలవడునది. ఈ రెంటి నడుమనుండు కొద్ది సంవత్సరములలో యువవైద్యునకు శిక్షణ మెట్లు జరుగునో, ప్రజల ప్రాణములకు రక్షణ మట్లే యుండును. పగటివేళ పెద్దవైద్యుడు వార్డులో ఒకసారి తిరిగి వెడలిపోవును. అర్ధరాత్రమున జ్వరతీవ్రతచే రోగి యొడలు తెలియక పలవరించునపుడు వాని చెంతకు మొదట వచ్చువాడు యువవైద్యుడే. అతనికి నేర్పినవారెవ్వరు? వారు అతని ప్రక్కన నిలిచి నేర్పిరా, లేక పని యప్పగించి తమ దారిని తాము పోయిరా? ధనికునకైనను దరిద్రునకైనను ప్రాణముమీదికి వచ్చిన రాత్రి ఈ ప్రశ్నలకు మించిన ప్రశ్నలు లేవు.

శస్త్రవిద్య నభ్యసించు శిష్యుడు మనుష్యదేహముపై కత్తి నుంచుటకు ముందు గుమ్మడి, సొర, దోస మున్నగు కాయలపై ఛేదనము నభ్యసింపవలెనని మన సుశ్రుతుడు విధించెను. చదివినంతమాత్రమున చేతికి నేర్పు రాదను సత్యము అంత ప్రాచీనమైనది. అయినను పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాఖండమందలి వైద్యకళాశాలలలో పెక్కు దీనిని మరచినవి. ఆ మరపును పోగొట్టి, పట్టమందిన యువవైద్యుని మరల శిష్యునిగా జేసి, రోగిశయ్యయొద్ద కూర్చుండబెట్టిన మహాపురుషులలో సర్ విలియం ఓస్లరు అగ్రగణ్యుడు. నేడు లోకమంతట రెసిడెంటు వైద్యులను మాట వినబడుచున్నది. ఆ మాటవెనుక నున్న ఆశయమేమో తెలియవలెనన్నచో ఈయన చరిత్రమును తెలిసికొనవలెను.

ఓస్లరు 1849 వ సంవత్సరము జూలై 12 వ తేదీన కెనడా దేశమునందు బాండ్ హెడ్ అను మారుమూల పల్లెలో జన్మించెను. తండ్రి ఫెదర్‌స్టన్ ఓస్లరు ఇంగ్లండునుండి వచ్చిన క్రైస్తవమతాచార్యుడు. తొమ్మండుగురు బిడ్డలలో విలియం ఎనిమిదవవాడు. బాల్యమున మిక్కిలి అల్లరివాడు. ఆ అల్లరివలననే ఒక పాఠశాలనుండి వెళ్లగొట్టబడెను. కాని యెవనిలో చేవ గలదో గుర్తింపగల గురువు దొరకినచో అల్లరియు శక్తిగా మారును. ఓస్లరునకట్టి గురువులు ఒకరు గాదు, మువ్వురు దొరకిరి.

మొదటివాడు వెస్టను పాఠశాలను నడిపిన జాన్సను అను మతాచార్యుడు. ఆయన సూక్ష్మదర్శినిని చేత నిచ్చి, చెరువునీటిలోని నాచును, కంటికి కానరాని జీవులను బాలునకు చూపించెను. రెండవవాడు టొరంటోలోని డాక్టరు బొవెల్. తన గ్రంథాలయమును శిష్యునకు బార్లగా తెరచియుంచిన ఉదారుడు. మతాచార్యుడగుదమని 1867 లో ట్రినిటీ కళాశాలలో చేరిన ఓస్లరు, మరుసటియేడే మనస్సు మార్చుకొని వైద్యమునకు మరలుటకు బొవెల్ సాంగత్యము ముఖ్యకారణము. మూడవవాడు మాంట్రియలు నగరమున మెగిల్ విశ్వవిద్యాలయాచార్యుడైన పామర్ హవర్డు. క్షయరోగి ఊపిరితిత్తుల చప్పుడు వినుటయెట్లో, మరణానంతరము ఆ ఊపిరితిత్తులనే చీల్చి తాను వినినది సరియో కాదో చూచుకొనుటయెట్లో ఆయనవద్ద నేర్చుకొనవలసినదే. 1872 లో మెగిల్‌లో పట్టమందిన ఓస్లరు, ఇరువదియేండ్ల తరువాత తాను రచించిన మహాగ్రంథమును ఈ మువ్వురు గురువులకే అంకితము చేసెను. గురువు ప్రక్కన నిలిచి నేర్చుకొనుటలోని సారమెట్టిదో ఆయనకు పుస్తకములు చెప్పలేదు, స్వానుభవమే చెప్పినది.

పట్టము చేతికి రాగానే వైద్యశాల తెరచి ధనార్జనకు దిగుట ఆనాటి వాడుక. ఓస్లరు మాత్రము ఐరోపాకు పయనమై రెండేండ్లు మరల శిష్యుడయ్యెను. లండనునందు బర్డన్ శాండర్సను ప్రయోగశాలలో పనిచేయుచు, అప్పటికి స్వరూపము సరిగా తెలియని రక్తఫలకములను పరిశీలించి 1874 లో వ్యాసము ప్రకటించెను. బెర్లినునందు విర్కోవును, వియన్నాలోని మహావైద్యశాలను చూచెను. ఈ ప్రయాణమున ఆయన రెండు పద్ధతులను గమనించెను. ఇంగ్లండు వైద్యశాలలలో విద్యార్థులు క్లార్కులను పేర రోగులను పంచుకొని, వారి చరిత్రమును వ్రాసి, దినదినము కనిపెట్టుచుండిరి. జర్మను విశ్వవిద్యాలయములలో పట్టమందిన యువకులు ఆచార్యునకు సహాయకులై అనేక సంవత్సరములు వైద్యశాలలోనే యుండి, శోధనము చేయుచు, క్రమముగా బాధ్యత వహించుచుండిరి. ఈ రెండు పద్ధతులను ఒకచో కూర్చినచో నెట్లుండును? ఆ కూర్పే ఓస్లరు జీవితకార్యమయ్యెను.

ఆ కాలమున అమెరికాలోని అనేక కళాశాలల స్థితి తలచుకొనిన నవ్వును దుఃఖమును ఒక్కటిగా వచ్చును. సంవత్సరమునకు నాలుగుమాసముల ఉపన్యాసములు. రెండవయేడు మరల అవే ఉపన్యాసములు. రుసుము చెల్లించి కూర్చుండి వినినవానికి పట్టము. ఒక్క ప్రసవమునైనను చూడకయే, ఒక్క గుండెచప్పుడునైనను వినకయే వైద్యుడై ప్రజలమీదికి వచ్చినవారు అనేకులు. వారు వైద్యమును నేర్చుకొనిన పాఠశాల రోగుల దేహమే. ఆ పాఠశాలకు రుసుము రోగుల ప్రాణమే.

1874 లో ఓస్లరు మెగిల్‌కు మరలివచ్చి అధ్యాపకుడై, మరుసటియేడే ఆచార్యుడయ్యెను. అప్పటికాయనకు ఇరువదియారేండ్లు. జీతమల్పము. మాంట్రియలు వైద్యశాలలో మశూచిక రోగుల వార్డును చూచుకొనువాడు కావలసివచ్చెను. అందరును వెనుదీయు ఆ పనిని ఆయన పూనెను. దానికై లభించిన ఆరువందల డాలర్లను సొంతమునకు వాడుకొనక, శిష్యులకొరకు సూక్ష్మదర్శినులు తెప్పించెను. తనకు జాన్సను చేసిన మేలును తన శిష్యులకు తాను చేయుట ఆయన యెంచుకొనిన గురుదక్షిణ. 1875 లోనే విదేశపత్రికలను కలిసి కొని, పంచుకొని చదువుకొనుటకు ఒక సంఘమును నెలకొల్పెను. నేడు వైద్యకళాశాలలలో జర్నల్ క్లబ్బులని పిలువబడువానికి అది ఆదిరూపములలో నొకటి. సంవత్సరముల తరబడి శవపరీక్షలను తన చేతులతో జేసి, ఒక్కొక్కదాని వివరమును వ్రాసిపెట్టెను. బ్రదుకియున్నపుడు వైద్యుడు ఊహించినదానిని మరణానంతరము కంటితో చూచి సరిచూచుకొనుట ఆయన అలవాటు. ఊహ తప్పైనపుడు దానిని దాచక శిష్యులముందే చూపుట అంతకంటె గొప్ప అలవాటు. గురువు తన తప్పును మూసిపెట్టినచోట శిష్యుడు తప్పులను కప్పుటనే నేర్చుకొనునుగదా.

1884 లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము ఆయనను ఫిలడెల్ఫియాకు పిలిచినది. అచ్చటి విద్యార్థులు మహావక్తలైన ఆచార్యుల గంభీరోపన్యాసములకు అలవడినవారు. ఓస్లరు వేదికపై మెరయు వక్త కాడు. బల్లయంచున కూర్చుండి ఇష్టాగోష్ఠిగా మాట్లాడువాడు. మొదట వారికి నిరుత్సాహము కలిగినది. కాని ఆయనవెంట వార్డులలోనికి పోయినపిదప వారికి తెలిసినది: ఈయన పాఠము చెవికి కాదు, కంటికి, చేతికి, ముక్కునకు. రోగి నడక, ముఖచ్ఛాయ, గోళ్లరంగు, ఊపిరితీరు, ఇవియే ఆయన పాఠ్యపుస్తకము. అయిదేండ్లలో ఫిలడెల్ఫియా ఆయనను ప్రేమించెను. కాని అంతకంటె పెద్దపని బాల్టిమోరులో వేచియుండెను.

జాన్స్ హాప్కిన్సు అను బాల్టిమోరు వర్తకుడు 1873 లో మరణించుచు, విశ్వవిద్యాలయమునకును వైద్యశాలకును కలిపి డెబ్బదిలక్షల డాలర్లను వ్రాసిపెట్టెను. వైద్యశాల 1889 మే మాసమున తెరువబడినది. రోగనిదానశాస్త్రమునకు వెల్చ్, శస్త్రచికిత్సకు హాల్‌స్టెడ్, స్త్రీవైద్యమునకు కెల్లీ, కాయచికిత్సకు ప్రధానవైద్యుడుగా ఓస్లరు, ఈ నలుగురును సమకూడిరి. కాని మూలధనమును పెట్టిన రైల్వేవాటాల రాబడి తగ్గిపోవుటచే వైద్యకళాశాల తెరుచుట నాలుగేండ్లు ఆలస్యమైనది. ఈ విఘ్నమే ఒక వరమయ్యెను. విద్యార్థులు లేని వైద్యశాలలో ఓస్లరు చేతికి దొరకిన శిష్యులు పట్టమందిన యువవైద్యులే. అందుచేత ఆయన మొదట నిర్మించినది పట్టానంతర శిక్షణమును. కళాశాల పిదప వచ్చినది.

ఆ నిర్మాణమిట్టిది. క్రింది మెట్టున ఒక సంవత్సరమునకు చేరు ఇంటర్నులు. వారిపైన సహాయక రెసిడెంటులు. శిఖరమున ప్రధాన రెసిడెంటు. ఇతడు ఇన్నిసంవత్సరములని నియమములేక, తన బాధ్యత తాను స్వతంత్రముగా మోయగలడని గురువునకును తనకును నమ్మకము కలుగువరకు ఉండును. వీరందరును వైద్యశాలలోనే నివసింతురు గనుక ఆ పేరు వచ్చినది. ఉదయమున ఓస్లరు వచ్చునప్పటికి ప్రధాన రెసిడెంటు రాత్రి వచ్చిన ప్రతిరోగిని చూచి, రక్తమును పరీక్షించి, తన నిర్ణయమును తాను చేసికొని సిద్ధముగా నుండవలెను. గురువు దానిని వినును. రోగిని తాను చూచును. శిష్యుని చేయి పట్టుకొని ప్లీహమున్నచోట నుంచును. ఏల యట్లనుకొంటివని యడుగును. జవాబు తెలియనిచో చీవాట్లు లేవు. గ్రంథాలయమునకుపోయి చూచి రేపు చెప్పుమనుట గలదు. రేపు ఆయన మరచిపోడు, తప్పక అడుగును. ఈ అడుగుటలోనే సమస్తమున్నది. పని యప్పగించుట యెవ్వడైనను చేయగలడు. అప్పగించిన పనిని తెల్లవారి వచ్చి ప్రక్కన నిలిచి విచారించుటయే బోధన.

ఈ శిక్షణము ఫలించిన తీరునకు ఒక్క యుదాహరణము చాలును. ఆనాడు బాల్టిమోరునందు చలిజ్వరమును, టైఫాయిడు జ్వరమును వేరుపరుపలేక వైద్యులు తికమకపడుచు, రెంటినొక్కటిగా చూచి మందు లిచ్చుచుండిరి. ఓస్లరు వార్డునకు చేరువనే ప్రయోగశాల నుంచెను. జ్వరముతో వచ్చిన ప్రతివాని రక్తపుబొట్టును రెసిడెంటులే సూక్ష్మదర్శినితో చూచి మలేరియా క్రిమిని వెదకవలెను. ఆయన రెసిడెంటులలో ఒకడైన విలియం సిడ్నీ థేయరు, తన సహచరుడు హ్యూయెట్‌సన్‌తో గూడి బాల్టిమోరు చలిజ్వరములపై 1895 లో ప్రామాణికగ్రంథమును వెలువరించెను. రాత్రింబవళ్లు పనిచేయు యువవైద్యుడు పనివాడుగా మిగిలిపోక పండితుడగుట యట్లు సాధ్యమైనది. ఆ థేయరే పిదప హాప్కిన్సునందు ఆచార్యుడయ్యెను.

1893 లో కళాశాల తెరువబడినది. దానికి కావలసిన అయిదులక్షల డాలర్లలో మూడులక్షలకు పైబడి యిచ్చినది మేరీ గారెట్ అను వనిత. స్త్రీలను పురుషులతో సమానముగా చేర్చుకొనవలెననియు, ముందుగా కళాశాలవిద్య ముగించినవారినే తీసికొనవలెననియు ఆమెయు ఆమె చెలులును షరతు విధించిరి. ఆ షరతువలన అమెరికా వైద్యవిద్యయే ఒక మెట్టు పైకెక్కినది. విద్యార్థులు రాగానే ఓస్లరు ఇంగ్లండు పద్ధతిని తెచ్చి రెసిడెంటు పద్ధతికి క్రింద జతపరచెను. కడపటి సంవత్సరపు విద్యార్థికి కొందరు రోగులు, వానిపైన ఇంటర్ను, వానిపైన రెసిడెంటు, అందరిపైన గురువు. ప్రతివాడును పైవానికి శిష్యుడు, క్రిందివానికి గురువు. నేర్పుచు నేర్చుకొనుట, నేర్చుకొనుచు నేర్పుట అచ్చటి ధర్మము. వార్డులలో విద్యార్థులకు పాఠము చెప్పుటయే తన జీవితమున ముఖ్యకార్యమని ఆయన తుదివరకు భావించెను.

బోధన వైద్యశాల గోడలలోనే ముగియలేదు. శనివారము సాయంకాలము విద్యార్థులను ఇంటికి పిలిచి, భోజనమిడి, వారమున చూచిన రోగులగూర్చి ముచ్చటించి, పిమ్మట ప్రాచీన వైద్యగ్రంథములను వారి చేతులకిచ్చుచుండెను. ప్రక్కయింట కాపురమున్న యువవైద్యులకు తన గ్రంథాలయమునకు వేళ తప్పి వచ్చినను ఆటంకము లేకుండ తన యింటి తాళపుచెవులనే యిచ్చియుంచెను. అట్లు తాళపుచెవి నందినవారిలో హార్వీ కుషింగు ఒకడు. మెదడు శస్త్రచికిత్సకు పితామహుడై ప్రసిద్ధిగాంచిన ఈయన, 1925 లో ఓస్లరు చరిత్రమును రెండు సంపుటములుగా వెలువరించి, మరుసటియేడు పులిట్జరు బహుమానమందెను. బొవెల్ గ్రంథాలయము ఒకనాడు ఓస్లరునకు తెరచియుండెను. ఓస్లరు గ్రంథాలయము కుషింగునకు తెరచియుండెను. గురుకులమన్నది మన దేశపు మాట. కాని దాని ధర్మము ఎచ్చట పాటింపబడినను ఫలమొక్కటే.

1892 లో ఓస్లరు వైద్యశాస్త్ర సూత్రములను, ఆచరణమును గూర్చి ఏకాకిగా ఒక మహాగ్రంథము వ్రాసి ప్రకటించెను. అదే యేడు గ్రేస్ రెవీర్‌ను వివాహమాడెను. ఆ గ్రంథమునందు ఏ రోగమునకు మందు గలదో, దేనికి లేదో ఆయన నిర్మొగమాటముగా చెప్పెను. నాటి మందులలో పెక్కు నిరుపయోగములని నుడువుటకు వెనుదీయలేదు. 1897 వేసవియందు రాక్‌ఫెల్లరు ధర్మకార్యములను చూచు ఫ్రెడరిక్ గేట్సు అను నాతడు వైద్యుడు కాకపోయినను దానిని ఆసాంతము చదివెను. చదివి, మనుష్యజాతిని పీడించు రోగములలో ఇంత స్వల్పభాగమునకే చికిత్స తెలియునా యని దిగ్భ్రాంతుడై, పరిశోధనమునకు ధనమీయుమని రాక్‌ఫెల్లరును ప్రోత్సహించెను. 1901 లో రాక్‌ఫెల్లరు వైద్యపరిశోధనాలయము వెలసినది. తెలియనిదానిని తెలియదని వ్రాసిన నిజాయితీ లక్షల డాలర్లను కదలించినది.

కీర్తి పెరిగినకొలది ఓస్లరు ఇంటివద్ద రోగుల రద్దీ పెరిగినది. దూరదేశములనుండి ధనికులు వచ్చుచుండిరి. రాబడి హెచ్చినది, విశ్రాంతి నశించినది. ఆ భారమే 1905 లో ఆయన ఆక్స్‌ఫర్డునందు రాజాచార్యపదవి నంగీకరించి బాల్టిమోరును వీడుటకొక కారణము. వీడుచు, ఫిబ్రవరి 22 వ తేదీన చేసిన ప్రసంగమున, లోకమును నడుపు సృజనకార్యము నలువదియేండ్లకు లోబడినవారిదే యని చెప్పి, అరువదియేండ్లు దాటిన ఆచార్యులు పదవులు వీడవలెనను ఉద్దేశముతో ఒక నవలను పేర్కొని, మత్తుమందుతో వృద్ధులను సాగనంపుటగూర్చి పరిహాసమాడెను. అమెరికా పత్రికలు దానిని నిజమని పట్టుకొని నెలలతరబడి ఆయనపై విరుచుకుపడెను. పరిహాసమెంత పెడదారి పట్టినను, అందలి తాత్పర్యము పదవిని పట్టుకొని వ్రేలాడు గురువులకు మింగుడుపడనిది: యువకులకు చోటీయక బోధన బ్రదుకదు.

ఆయన వెడలిన కొలదికాలమునకు హాప్కిన్సునందు పెద్దవివాదము చెలరేగినది. ఆచార్యులు సొంతవైద్యమును మాని జీతముపైననే పనిచేయవలెనా? రాక్‌ఫెల్లరు ధనముతో నడచు విద్యామండలి ఆ షరతుపై 1913 లో పదునైదులక్షల డాలర్లిచ్చెను. ఓస్లరు ఆక్స్‌ఫర్డునుండియే దాని నెదిరించెను. ప్రయోగశాలకే అంకితులైన ఆచార్యులు రోగికిని శిష్యునకును దూరమగుదురని ఆయన భయము. తన గ్రంథమువలన కదలిన ధనమే తాను వలదన్న పద్ధతిని నిలబెట్టుట విధివిలాసము. వివాదమున రెండు పక్షములందును సత్యము గలదు. సొంతవైద్యమున మునిగిన ఆచార్యునకు శిష్యునికొరకు సమయము చిక్కదు. అందుకు ఓస్లరు కడపటి బాల్టిమోరు దినములే సాక్ష్యము. వ్యాసములు వ్రాసి పేరుపొందుటయే పరమార్థమనుకొను ఆచార్యునకును చిక్కదు. శిష్యునకు కావలసినది ఆచార్యుని జీతపుపద్ధతి కాదు, ఆచార్యుని సమయము.

ఆక్స్‌ఫర్డునందును ఓస్లరు ఊరకుండలేదు. పట్టమందిన వైద్యులు మరల చదువుకొనుటకు లండను మహానగరమున క్రమమైన ఏర్పాటు లేకుండెను. వైద్యశాలలు అనేకములున్నను ఒకదానితోనొకటికి పొత్తు లేదు. 1911 లో ఆయన అధ్యక్షతన పట్టానంతర వైద్యసంఘ మేర్పడెను. ఆ యేడే ఆయనకు బారొనెట్ బిరుదము లభించెను. మహాయుద్ధము ముగిసి, సైన్యమునుండి విడుదలైన యువవైద్యులు శిక్షణకై ఎదురుచూచుచుండ, 1919 లో ఆ సంఘమును వైద్యసౌహార్దసంఘమును ఏకమై ఓస్లరునే అధ్యక్షునిగా నెన్నుకొనెను. ఆ సంఘపు పత్రిక 1925 లో ప్రారంభమైనది. లండనులో హామర్‌స్మిత్ వైద్యశాలయందు 1935 లో పట్టానంతర వైద్యకళాశాల తెరువబడుటకు దారితీసిన ప్రయత్నములలో ఆ సంఘపు కృషియు చేరినది.

కాని ఆ యుద్ధమే ఆయన గుండెను పగులగొట్టినది. ఏకైకపుత్రుడు రెవీర్ 1917 ఆగస్టున బెల్జియము యుద్ధభూమిలో గాయపడి మరణించెను. కబురందిన అమెరికను శస్త్రవైద్యులు, కుషింగుతో సహా, ఆ రాత్రి పరుగెత్తి వచ్చి పాటుపడినను ప్రాణము నిలువలేదు. తండ్రి పేరుతో ఆప్యాయముగా తాళపుచెవి నందుకొనిన చేయి కుమారుని కడపటిగడియలో చెంత నుండుట తప్ప ఏమియు చేయలేకపోయినది. రెండేండ్లకు, 1919 డిసెంబరు 29 వ తేదీన, ఊపిరితిత్తుల జాడ్యముతో ఓస్లరు మరణించెను. వేలకొలది శవపరీక్షలను చూచిన ఆయన దేహమునకును శవపరీక్ష జరిగినది. ఎనిమిదివేల గ్రంథములు మెగిల్‌కు చేరెను. ఆయన చితాభస్మమును ఆ గ్రంథముల నడుమనే యుంచిరి.

మహాపురుషుని చరిత్రము వ్రాయునపుడు మచ్చను కప్పిపుచ్చుట ధర్మము కాదు. రోగిశయ్యపై మనుష్యుని మనుష్యునిగా చూచిన ఈయన, రాజకీయమున తన జాతివారి అహంకారమునకు అతీతుడు కాలేకపోయెను. 1914 లో, కొమగాట మారు నౌకలో వచ్చిన భారతీయులను వాంకూవరు రేవున దిగనీయక కెనడా ప్రభుత్వము త్రిప్పిపంపిన సంవత్సరముననే, ఆసియావాసుల వలసను నిరోధించి కెనడాను తెల్లవారి దేశముగానే యుంచవలెనని ఆయన బహిరంగముగా పలికెను. ఇటీవలి పరిశోధకులు దీనిని వెలికిదీసి చర్చించిరి, అది న్యాయమే. గొప్పగురువును పూజింపనక్కరలేదు, ఆయన బోధనను గ్రహించి, ఆయన దోషమును విడనాడుటయే శిష్యధర్మము.

ఆయన మరణానంతరము రెసిడెంటు పద్ధతి లోకమంతట వ్యాపించినది. కాని దేహము వ్యాపించినంత వేగముగా ప్రాణము వ్యాపింపలేదు. ఓస్లరు, హాల్‌స్టెడ్ల కాలముననే ఈ పద్ధతియందొక అపాయముండెను. రెసిడెంటులు అవివాహితులై, భోజనవసతులతోను స్వల్పప్రతిఫలముతోను తృప్తిపడి, వైద్యశాల గడపదాటక యుండవలసివచ్చెను. గురువు ప్రక్కన నున్నంతకాలము అది తపస్సు. గురువు లేనిచో అది వెట్టిచాకిరి. వైద్యశాలలు పెరిగినకొలది, తక్కువ వ్యయముతో రేయింబవళ్లు పనిచేయు చేతులుగా యువవైద్యులు కనబడసాగిరి. 1984 లో న్యూయార్కునందు పదునెనిమిదేండ్ల కన్య జ్వరముతో ఒక వైద్యశాలలో చేరి కొలదిగంటలలో మరణించెను. ఆమెను చూచినవారు అనేకగంటలుగా పనిచేయుచున్న యువవైద్యులు. పెద్దవైద్యుడు టెలిఫోనున మాత్రమే మాట్లాడెను. ప్రజలలో ఆందోళన చెలరేగి, 1989 లో ఆ రాష్ట్రము వారమునకు 80 గంటల పరిమితిని విధించుటయేగాక, అనుభవజ్ఞుల పర్యవేక్షణమును నిర్బంధించెను. 2003 లో గంటల పరిమితి అమెరికా అంతటికి వ్యాపించినది. లోకము గంటల లెక్కను జ్ఞాపకముంచుకొన్నది; పర్యవేక్షణమును మరచినది. అలసిన యువకునకు నిద్ర నిచ్చుట అవసరమే. కాని నిద్రలేచిన యువకునకు నేర్పువాడు లేనిచో రోగికి కలిగిన మేలు సగమే.

మన దేశముననైనను కాగితముపై నియమములకు కొదువలేదు. 1992 లో కేంద్రప్రభుత్వము వెలువరించిన ఆదేశము రెసిడెంటునకు సామాన్యముగా ఎడతెగక పండ్రెండుగంటలకు మించి పని యుండరాదని చెప్పినది. 2023 లో జాతీయ వైద్యసంఘము వెలువరించిన నియమములు తగినంత విశ్రాంతిని, వారపుసెలవును, మూడుమాసములు జిల్లావైద్యశాలలో శిక్షణమును విధించినవి. ఇవి మంచివి. కాని పెద్దవైద్యుడు ప్రతిదినము రోగిశయ్యయొద్ద నిలిచి, శిష్యుని ఊహను విని, సరిదిద్ది, మరునాడు మరల అడుగునా యన్నదానిని ఏ ఆదేశమును కొలువలేదు. దానిని కొలువగలవాడు శిష్యుడు. దాని ఫలితము ననుభవించువాడు రోగి.

కావున ఒక వైద్యకళాశాల నాణ్యమును తెలిసికొనగోరువారు భవనపు అంతస్తులను, యంత్రముల వెలను, పడకల సంఖ్యను లెక్కింపనక్కరలేదు. అచ్చటి యువవైద్యుని పిలిచి మూడుమాటలడిగిన చాలును. నిన్నటి రాత్రి నీకు సందేహము కలిగినపుడు చెంతకు వచ్చిన పెద్దవైద్యుడెవ్వడు? నీవు పొరబడినపుడు దానిని నీకు చూపి నేర్పినవాడెవ్వడు? నీవు నీ క్రిందివానికి నేర్పుటకు నీకు గంటసేపైనను చిక్కినదా? ఈ మూటికిని జవాబున్నచోట ఓస్లరు బ్రదికియున్నాడు. జవాబు లేనిచోట పట్టములు పెరుగును, యంత్రములు పెరుగును, శిష్యుడు మాత్రము రోగుల దేహములపైననే ఒంటరిగా పాఠము నేర్చుకొనును. ఆ పాఠమునకు రుసుము చెల్లించునది మన యింటివారే.